దూరపు కథ, దగ్గరి ఊరు

జాతివివక్ష అంటే ఒంటి రంగును, వంశాన్ని, పుట్టుకను చూసి మనిషి విలువను ముందే తేల్చివేసే ఆలోచన, ఆ ఆలోచన మీద లేచిన చట్టం, కొలువు, బడి, పెళ్లి, శ్మశానం వంటి ఏర్పాట్లు అన్నీ కలిసిన వ్యవస్థ. దానికి వ్యతిరేకత అంటే ఎవరినీ ద్వేషించకుండా ఊరుకోవడం కాదు, ఆ ఏర్పాట్లు ఎక్కడెక్కడ నడుస్తున్నాయో గుర్తుపట్టి వాటిని విప్పే పనికి పూనుకోవడం. అమెరికాలోనూ దక్షిణాఫ్రికాలోనూ ఈ వ్యవస్థ రంగును ఆధారం చేసుకుంటే తెలుగునేల మీద కులాన్ని ఆధారం చేసుకుంది. రెండూ ఒకటేనా, వేరువేరా అన్న వాదం పండితుల మధ్య ఇంకా సాగుతూనే ఉన్నా, పుట్టుకతో వచ్చిన స్థానాన్ని మార్చుకునే వీలులేకపోవడం, నీటికీ తిండికీ పెళ్లికీ హద్దులు గీయడం, హద్దు దాటినవారిని శిక్షించడం రెండింటిలోనూ కనబడతాయి కనుక, ఒకదాని మీద వచ్చిన పుస్తకం రెండోదాని గురించి మాట కదపడానికి పనికివస్తుంది. హైదరాబాద్‌కు పడమట, మర్రిచెట్ల వరుసల మధ్య సాగే బీజాపూర్ రోడ్డు మీది మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతంలో అటువంటి మాట ఎలా మొదలుకాగలదో, ఎక్కడ ఆగిపోగలదో పరిశీలించడం ఈ ప్రసంగానికి ఉద్దేశం.

ఈ ప్రాంతం ఆ పరిశీలనకు తగినది. చేవెళ్ల శాసనసభ స్థానం 2009 ఎన్నికల నుంచి షెడ్యూల్డు కులాలకు కేటాయించినది. మొయినాబాద్ చుట్టూ ఇంజినీరింగ్, మెడికల్ కాలేజీలు, రిసార్టులు, ఫాంహౌస్‌లు వెలిశాయి. వాటి పక్కనే ఊరు, వాడ అన్న పాత విభజన, అంటే సవర్ణులు నివసించే ఊరికీ మాల మాదిగలు నివసించే వాడకూ మధ్య తరతరాలుగా ఉన్న ఎడం, కొంత చెరిగీ కొంత చెరగకా మిగిలింది. ఇటువంటి చోట కులం గురించి నేరుగా అడిగితే సాధారణంగా వచ్చే జవాబు “గవన్నీ ఇప్పుడెక్కడియి” అన్నదే. ఆ మాట చెప్పేవారు తప్పనిసరిగా అబద్ధమాడుతున్నారని అనుకోనక్కరలేదు. తన ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు పెట్టడం ఆ మనిషికి అలవాటుగా కనిపిస్తుందే తప్ప వివక్షగా తోచదు, ఎదుటివారు దాన్ని ఎత్తిచూపితే అది నింద అవుతుంది, నింద వచ్చిన తరువాత మాట సాగదు. పుస్తకమో సినిమానో నాటకమో ఇద్దరి నడుమ మూడో మనిషిగా నిలబడితే, ముందు ఆ మూడో మనిషి గురించి మాట్లాడుకునే వీలు చిక్కుతుంది.

తెలుగులో అటువంటి మూడో మనిషిగా ఎక్కువ కాలం నిలబడినవాడు ఆఫ్రికా నుంచి వచ్చిన కుంటా కింటే. అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన ‘రూట్స్’ నవల, గాంబియాలోని జుఫూరే గ్రామంలో పట్టుబడి 1767లో అమెరికా తీరానికి బానిసగా చేరిన ఈ కుంటా కింటే నుంచి రచయిత వరకు ఏడు తరాల కథను చెబుతుంది. 1980లో ఏర్పడిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తన తొలినాళ్లలోనే అనువాదకుడు సహవాసి చేత దాన్ని సంక్షిప్తంగా తెలుగు చేయించి ‘ఏడు తరాలు’ పేరుతో తక్కువ ధరకు అందించగా, అది ఎన్నో ముద్రణలు పొంది, విద్యార్థి సంఘాలలో, ఉపాధ్యాయుల ఇళ్లలో, పల్లె గ్రంథాలయాలలో చేతులు మారింది. హేలీ మరొక రచయిత నవల నుంచి కొన్ని భాగాలు తీసుకున్నాడన్న వ్యాజ్యం 1978లో రాజీతో ముగిసిందన్న సంగతి తెలుగు పాఠకులలో పెద్దగా ప్రచారం కాలేదు. తెలిసినా ఆ పుస్తకం చేసిన పని తగ్గదు.

ఆ పని ఏమిటన్నదే ఇక్కడ ముఖ్యం. కొత్త పేరు పెట్టుకోవడానికి నిరాకరించి కొరడా దెబ్బలు తిన్న మనిషి కోసం కన్నీరు పెట్టిన తెలుగు పాఠకులలో అన్ని కులాలవారూ ఉన్నారు, ఆ కన్నీరు నిజమైనదే. అయితే అక్కడ కొరడా పట్టినవాడు సముద్రాల ఆవల ఉన్నాడు. అతని మీద కోపగించుకోవడానికి పాఠకుడు తన ఇంటి అరుగు మీది నుంచి లేవనక్కరలేదు. దూరపు కథకు ఉన్న బలమూ బలహీనతా ఈ ఒక్కచోటనే కలిసి ఉన్నాయి: అది అందరినీ ఒకే వైపు నిలబెట్టి మాట మొదలుపెట్టిస్తుంది, కాని ఎవరో ఒకరు పూనుకొని ఆ దూరాన్ని తగ్గించకపోతే మాట అక్కడికక్కడే ముగిసి, పాఠకునికి తన మంచితనం మీద తృప్తి మాత్రం మిగులుతుంది. ఆ దూరాన్ని తగ్గించినవారు భారతదేశంలో ముందునుంచీ ఉన్నారు. జోతిరావు ఫూలే 1873లో ‘గులాంగిరి’ని రాసి, నల్లజాతివారి బానిసత్వాన్ని తొలగించడానికి పోరాడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు, బి.ఆర్. అంబేడ్కర్ 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాసి, అమెరికాలోని నల్లవారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన విజ్ఞప్తి ప్రతిని కోరాడు. 1972లో బొంబాయి దళిత యువకులు తమ సంస్థకు ‘దళిత్ పాంథర్స్’ అని పేరుపెట్టుకున్నది అమెరికాలోని బ్లాక్ పాంథర్స్‌ను చూసే. 1959లో భారతదేశానికి వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను కేరళలోని ఒక పాఠశాలలో దళిత విద్యార్థులకు తోటి అంటరానివానిగా పరిచయం చేస్తే, మొదట మనసు చివుక్కుమన్నా, ఆ తరువాత ఆలోచించి ఆ పరిచయం సరైనదేనని తాను ఒప్పుకున్నట్లు ఆయనే కొన్నేళ్లకు ఒక ఉపన్యాసంలో చెప్పాడు.

మొయినాబాద్ మండలంలో ఈ దూరాన్ని తగ్గించే చోటు ఒకటి ప్రత్యేకంగా ఉంది. హుండీ లేని దేవాలయంగా పేరుపొందిన చిలుకూరు బాలాజీ ఆలయంలో, విదేశీ వీసా కోరుకునే యువతీయువకులు ముందు 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకొని, కోరిక తీరాక తిరిగివచ్చి 108 ప్రదక్షిణలు చేస్తారు. లోకం ఆ దేవుణ్ణి వీసా బాలాజీ అని పిలవడం అందువల్లనే. ఆ ప్రదక్షిణలు ముగించి విమానమెక్కే యువకుడు ఇక్కడ ఏ కులంవాడైనా, అక్కడ దిగగానే గోధుమరంగు మనిషి అవుతాడు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేత్ పట్టణంలో ఒక శ్వేతజాతీయుడు తమ దేశం విడిచిపొమ్మని అరుస్తూ జరిపిన కాల్పులలో హైదరాబాద్‌కు చెందిన ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్ల మరణించినప్పుడు, జాతివివక్ష అన్న మాట తెలుగు ఇళ్లలో దినపత్రిక భాష కాకుండా ఇంటి భాష అయింది. అదే అమెరికాలో 2020లో సిస్కో కంపెనీ మీద కులవివక్ష ఆరోపణతో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం వ్యాజ్యం వేయడం, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కులాన్ని వివక్ష నిషేధ చట్టంలో చేర్చడం ఆ సంగతికి రెండో పార్శ్వాన్ని చూపాయి. రంగు పేరిట దెబ్బతినే సమాజమే కులం పేరిట దెబ్బకొట్టగలదన్న ఈ వైరుధ్యం, చిలుకూరు చుట్టుపక్కల కాలేజీలలో చదివే విద్యార్థులకు ఏ పాఠ్యపుస్తకం కంటే దగ్గరిది, ఎందుకంటే వారిలో చాలామంది రేపు ఆ రెండు పాత్రలలో ఏదో ఒకటి ధరించవలసినవారే.

ఆ ఆలయం పేరుతోనే మరొక సంఘటన ముడిపడి ఉంది, దాని దగ్గర కొంతసేపు ఆగాలి. 2018 ఏప్రిల్ 16న చిలుకూరు ఆలయ ప్రధానార్చకుడు సి.ఎస్. రంగరాజన్, హైదరాబాద్ జియాగూడలోని శ్రీరంగనాథస్వామి ఆలయంలోకి ఆదిత్య పరాశ్రీ అనే దళిత భక్తుణ్ణి తన భుజాలమీద ఎక్కించుకొని తీసుకువెళ్లాడు. దీనిని మునివాహన సేవ అంటారు. శ్రీరంగంలో కావేరి ఒడ్డున నిలబడి పాడుకుంటున్న పాణర్ కులస్థుడైన తిరుప్పాణాళ్వారును, తప్పుకొమ్మని రాయి విసిరిన లోకసారంగముని అనే అర్చకుడే, రంగనాథుని ఆజ్ఞమేరకు భుజాన మోసుకొని గర్భగుడికి తీసుకువెళ్లాడన్న వైష్ణవ గాథ దానికి మూలం. అంటే పుస్తకంలో ఉన్న ఒక కథను చేతల్లో చూపి, దాన్ని టీవీ కెమెరాల ఎదుట నిలబెట్టి, ఆ దృశ్యంతో దేశమంతటా చర్చ లేవదీసిన ప్రయత్నమిది. పుస్తకంతో, ప్రసార సాధనంతో వివక్ష గురించి మాట కదపడానికి ఈ ప్రాంతంలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ కనబడదు.

దాన్ని మెచ్చినవారూ, అనుమానించినవారూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. పుట్టుకనుబట్టి పవిత్రుణ్ణనుకునే అర్చకుని భుజమే ఒక దళితునికి ఆసనం కావడం చిన్న విషయం కాదు, ఆ దృశ్యాన్ని చూసిన పిల్లవాడు దాన్ని మరిచిపోలేడు. కాని మోసేవాడు ఎవరు, మోయించుకునేవాడు ఎవరు అన్నది అప్పటికీ అర్చకుని చేతిలోనే ఉంది. తన కాళ్లమీద తాను నడిచి లోపలికి పోవడం రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దుచేసినప్పటి నుంచి దళితుని హక్కే కాగా, హక్కుగా ఉన్నదాన్ని సేవగా చూపినప్పుడు చూసేవారి మనసులో ఏది నిలుస్తుంది? ఈ ప్రశ్న వేయడానికి తెలుగు సాహిత్యంలోనే రెండు తోడు గ్రంథాలు దొరుకుతాయి. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో చెప్పిన మాలదాసరి కథలో, బ్రహ్మరాక్షసుడిగా మారిన బ్రాహ్మణుడు, వేకువజామున గుడి బయట పాడే చండాలభక్తుని పాట ఫలంలో కొంత తనకు ధారపోయమని బతిమాలుకుంటాడు, ఇచ్చేవాడు అక్కడ దళితుడు, పుచ్చుకునేవాడు బ్రాహ్మణుడు. అయినా ఆ భక్తుడు పాడేది గుడి బయటనే. గుర్రం జాషువ 1941లో వెలువరించిన ‘గబ్బిలం’లో మనిషికి తెరవని గుడి తలుపు గబ్బిలానికి తెరిచి ఉండటంచేత, ఒక అంటరాని నిరుపేద తన మొరను ఆ గబ్బిలంతో కాశీవిశ్వేశ్వరునికి పంపుతాడు. మునివాహన సేవ వీడియోను, మాలదాసరి కథను, ‘గబ్బిలం’లో కొంత భాగాన్ని ఒకే పూట ఒకే గదిలో ఉంచితే, వాటిని చూసి చదివినవారు మాట్లాడుకోవడానికి వేరే ప్రశ్నాపత్రం అవసరముండదు. అటువంటి పూట చిలుకూరు ప్రాంగణంలోనే జరిగితే మరింత మేలు.

ప్రసారసాధనం అన్నమాట వినగానే టీవీని, ఫోన్‌ను తలచుకోవడం ఇప్పటి అలవాటు. నిజానికి తెలంగాణలో కులాన్ని ప్రశ్నించే ప్రసారసాధనం ముద్రణాలయం కంటే పాతది. మాదిగలను ఆశ్రయించి జీవించే చిందు కళాకారులు వాడలో ప్రదర్శించే జాంబపురాణం, భూమి పుట్టకముందే పుట్టినవాడిగా జాంబవంతుణ్ణి నిలబెట్టి, అతనికీ బ్రాహ్మణునికీ మధ్య వాదంగా నడుస్తుంది. ఎవరు ముందు పుట్టారు, ఎవరి చేతి పని లేకపోతే లోకం ఆగిపోతుంది అన్న ప్రశ్నలు అందులో ఒక్కొక్కటిగా వస్తాయి. ఇది ఉపన్యాసం కాదు, సంవాదం, అంటే ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు ప్రశ్నకు ప్రశ్న, జవాబుకు జవాబు చెప్పుకునే ప్రక్రియ. హైదరాబాద్ నగరంలో 1906లో జగన్మిత్రమండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మ ఆ సంప్రదాయపు విలువను బాగా ఎరిగినవాడు. చదువురాని దళిత వాడలలో కరపత్రం పనిచేయదని గ్రహించి హరికథలు చెప్పించి, జనం గుమిగూడిన తరువాత తాగుడు గురించి, పిల్లల చదువు గురించి, ఆడపిల్లలను దేవుడి పేర జోగినులుగా వదిలివేసే ఆచారం గురించి మాట కదిపించాడు. ఆ సంస్థే 1911లో మన్యసంఘంగా, తరువాత ఆది హిందూ సంఘంగా ఎదిగింది. కథ అయిపోయాక జనం లేచిపోకుండా కూర్చోబెట్టడమే అసలు విద్య అని ఆయన పని చెబుతుంది. ఇప్పటి టీవీ చర్చలు దానికి సరిగ్గా విరుద్ధంగా నడుస్తాయి: నలుగురిని కూర్చోబెట్టి, ఎవరి మాటా ఎవరికీ వినబడకుండా చూస్తాయి.

ఇక పుస్తకాల విషయంలో చేవెళ్ల పాఠకుడు ఎంతో దూరం పోనక్కరలేదు. అదే బీజాపూర్ రోడ్డు దిశగా ఇంకాస్త పడమటికి పోతే తాండూరు, దాని దగ్గర పెద్దేముల్ వస్తాయి. పాత రంగారెడ్డి జిల్లాలోనిదే అయిన ఆ పెద్దేముల్ రచయిత్రి గోగు శ్యామల పుట్టిన ఊరు. ‘ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్ట తల్లి నయం’ అన్న ఆమె కథాసంపుటిలో చెరువు, పొలం, మాదిగవాడ, డప్పు, తోలుపని అన్నీ ఈ నేల యాసలోనే మాట్లాడతాయి. కూతురిని జోగినిని చేయాలన్న ఊరిపెద్దల ఒత్తిడికి లొంగక హాస్టల్‌కు పంపిన తండ్రి కథ అందులో ఉంది. జోగిని ఆచారాన్ని నిషేధించే చట్టం 1988లోనే వచ్చినా, అది ఆ ఇంటి గడపదాకా ఎందుకు రాలేకపోయిందో ఆ కథ ఏ నివేదిక కంటే స్పష్టంగా చూపుతుంది. 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీలు రాసిన రచనలను వెలికితీసి ‘నల్లపొద్దు’ పేరుతో కూర్చినదీ ఆమే. హైదరాబాద్‌లోని అన్వేషి పరిశోధనా సంస్థ తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషలలో తెచ్చిన పిల్లల కథల పుస్తకాలకు కూడా ఆమె, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివారు రాశారు. తలకాయ కూర వండుకునే ఇల్లు, బడిలో వెక్కిరింపుకు గురైన పిల్లవాడు వాటిలో కథానాయక స్థానంలో ఉంటారు. బొమ్మల పుస్తకంలోని ఇల్లు ఎప్పుడూ పెంకుటింటి బ్రాహ్మణ గృహమో, నగరంలోని ఫ్లాటో అయినచోట ఇది చిన్న మార్పు కాదు.

అయితే దగ్గరి కథకు దాని ప్రమాదం దానికుంది. దూరపు కథ అందరినీ సుఖపెడితే, దగ్గరి కథ గదిలో ఉన్న ఒకరిద్దరిని బోనులో నిలబెడుతుంది. గోగు శ్యామల కథను తరగతిలో చదివిన ఉపాధ్యాయుడు వెంటనే వాడనుంచి వచ్చిన విద్యార్థిని వైపు తిరిగి, నీ అనుభవం చెప్పమని అడిగితే, ఆ అమ్మాయి తన గాయాన్ని పదిమందికి పాఠంగా మార్చవలసి వస్తుంది. మిగిలినవారు శ్రోతలుగా, దయామయులుగా మిగులుతారు. మొదటి ప్రశ్న వెళ్లవలసింది రెండోవైపుకు. మీ ఇంట్లో ఎవరి కోసమైనా వేరే గ్లాసు, వేరే పళ్లెం ఉందా, అది ఎక్కడ పెడతారు, దాన్ని ఎవరు కడుగుతారు, ఆ పద్ధతి ఎప్పుడు మొదలైందో అడిగి తెలుసుకొని రాగలరా అన్నవి నిందలు కావు, విచారణలు. హోటళ్లలో సవర్ణులకు ఒక గ్లాసు, దళితులకు ఒక గ్లాసు ఉంచే రెండు గ్లాసుల పద్ధతి చట్టానికి భయపడి చాలాచోట్ల బహిరంగంగా కనిపించకుండా పోయింది కాని, ఇళ్ల లోపలికి చట్టం తొంగిచూడలేదు. కథ చూడగలదు.

రంగు విషయానికి వస్తే, తెలుగునాట అది కులానికి వెనుక నడిచే నీడ వంటిది. 2020లో సందీప్ రాజ్ దర్శకత్వంలో వచ్చిన ‘కలర్ ఫోటో’ సినిమా, మచిలీపట్నం నేపథ్యంలో, నల్లటి యువకుని ప్రేమను అతని రంగు ఎలా దెబ్బతీసిందో చెప్పి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. ఈ చిత్రంలో కులాన్ని ఎంత పలికారు, ఎంత పలకకుండా రంగు వెనుక దాచారు అన్నది యువకుల మధ్య మంచి వాదానికి విషయం. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ అని పేరులోనే కులాన్ని పెట్టి సినిమా తీసినప్పుడు లేని బెరుకు ఎనభై ఏళ్ల తరువాత ఎక్కడినుంచి వచ్చిందో కూడా అడగవచ్చు. హైదరాబాద్ పడమటి శివార్లలో, టోలిచౌకి మొదలుకొని సన్‌సిటీ వరకు, అద్దె ఇళ్లలో ఉండి చదువుకునే ఆఫ్రికా విద్యార్థులను స్థానికులు ఏ పేర్లతో పిలుస్తారో విన్నవారికి కుంటా కింటే కోసం కార్చిన కన్నీటి లెక్క మళ్లీ చూసుకోవాలనిపిస్తుంది. అదే నగరంలో ఏసీ గార్డ్స్ అన్న పేట పేరులోని మొదటి రెండక్షరాలు ఆఫ్రికన్ కావల్రీని, అంటే నిజాం కొలువులోని ఆఫ్రికా సంతతి అశ్వికదళాన్ని సూచిస్తాయని, సిద్దీలు అనే ఆ ఆఫ్రికా సంతతివారి వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారని, పెళ్లిళ్లలో మోగే మర్ఫా వాద్యం వారి చేతులమీదుగా హైదరాబాద్‌కు అలవాటైనదని చెబితే, బీజాపూర్ రోడ్డు బస్సెక్కే విద్యార్థులలో చాలామంది ఆశ్చర్యపోతారు. బరాత్‌లో ఆ దరువుకు చిందులు వేసినవారే వారు.

ఇన్ని పుస్తకాలు, చిత్రాలు ఉన్నా వాటికి వేదిక ఏదన్న ప్రశ్న మిగులుతుంది. ప్రభుత్వమే ఒక వేదికను ఏర్పాటుచేసి ఉంచింది. తెలంగాణలో ప్రతి నెలా 30వ తేదీన గ్రామాలలో పౌరహక్కుల దినం నిర్వహించి, రెవెన్యూ, పోలీసు అధికారులు ఊరివారిని పిలిచి, 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం గురించి, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం గురించి చెప్పాలన్నది నియమం. అటువంటి సభ అధికారి ప్రసంగంతో మొదలై, ప్రతిజ్ఞతో ముగిసి, రిజిస్టరులో సంతకాలుగా మిగిలిపోతే అది సంవాదం కాదు, తంతు. అదే సభలో అధికారి మాటకు ముందు ఒక కథను పావుగంట బిగ్గరగా చదివినా, చిందు బృందంతో జాంబపురాణంలో ఒక ఘట్టం ఆడించినా, చెప్పే పని తగ్గి అడిగే పని పెరుగుతుంది.

అడిగే హక్కు ఎవరి చేతిలో ఉండాలన్నదానికి ఈ ప్రాంతానికి వాయవ్యాన, జహీరాబాద్ దగ్గరి మాచునూరులో ఒక నమూనా ఉంది. 2008 అక్టోబరు 15న అక్కడ మొదలైన సంఘం రేడియోను దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘాలు నడుపుతున్నాయి. జనరల్ నర్సమ్మగా పేరుపొందిన రేడియో కార్యకర్త, ఆమె సహచరి ఆల్గోల్ నర్సమ్మ రికార్డింగ్ యంత్రాన్ని తీసుకొని ఊరూరూ తిరిగి, విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి, ఆడవాళ్ల బాధల గురించి అడిగినవి ఆ ప్రాంతపు మాటలోనే ప్రసారమయ్యాయి. ఒకప్పుడు ఊరి రచ్చబండ దగ్గర నోరు విప్పే వీలులేని కులానికి చెందిన స్త్రీ మైకు పట్టుకొని భూస్వామిని ప్రశ్న అడుగుతుంది, ఆయన తన గొంతు రేడియోలో వస్తుందన్న ఆశతోనైనా సరిగ్గా జవాబు చెబుతాడు. మొయినాబాద్, చేవెళ్ల కాలేజీలలో రికార్డింగ్ చేయగల ఫోన్ లేని విద్యార్థి ఇవాళ అరుదు. వాడలోని అవ్వ దగ్గర జాంబపురాణం, ఊరి పెద్ద దగ్గర బావుల కథ, ఏసీ గార్డ్స్‌లోని మర్ఫా కళాకారుని దగ్గర ఆయన తాతల కథ రికార్డు చేసుకొని రావడం ఒక సెమిస్టరులో చేయదగిన పని, వాటిని గోగు శ్యామల కథల పక్కన ఉంచి వినిపించడానికి చేవెళ్లలో ఒక గది, పాతిక కుర్చీలు చాలు.